అంకుల్ మూసేసిన వ్యూలు

మంగళవారం

ఆఫీసులో నాతో పనిచేసే మూర్తి అంకుల్ ఈరోజు మళ్ళీ నా స్క్రీన్ పాడుచేశారు. నేను పైనుంచి, పక్కనుంచి అన్ని వైపులా కనపడేలా నాలుగు వ్యూలుగా విడగొట్టుకున్న బిల్డింగ్ డ్రాయింగ్‌లో, లంచ్ చేసి వచ్చేసరికి మూడు మూసేసి ఒక్కటే ఉంచారు. పైనుంచి మాత్రమే చూసి పైపు జరిపారు. పక్క వ్యూ తెరిస్తే ఆ పైపు బీమ్‌లోంచి దూసుకుపోతోంది.

ఒళ్ళు మండింది. "వీడియోలు చూసి నేర్చుకున్న నాకే తెలుసు అంకుల్, పక్కనుంచి కూడా చూడాలని. మీరు ఇంజనీర్," అనేశాను.

"చిన్న చిన్న గళ్ళమ్మా, చిరాకు," అంటూ ముక్కు ఆనేంతగా స్క్రీన్ మీదికి వంగారు. కర్సర్ కోసం వెతుకుతున్నారు. అది కళ్ళెదురుగానే ఉంది.

చిరాకు కాదు, ఆయనకి కనపడటం లేదు.

స్క్రీన్‌ని రెండే వ్యూలు చేసి, గీతలు లావు చేసి, పక్కనే కుర్చీ వేసుకున్నాను.

"మేనేజర్‌కి చెప్తావా?" అన్నారు మెల్లగా.

"మీరు డాక్టర్‌కి చెప్పండి."

నవ్వేశారు. ఆ కళ్ళతోనే రోజూ పార్సిప్పనీలో ఇంటి నుంచి ఆఫీసుకి డ్రైవ్ చేసుకుంటూ వస్తున్నారు.

రేపు మొహం మీదే చెప్తాను. అంకుల్, శుక్రవారం సాయంత్రంలోగా కంటి డాక్టర్ అపాయింట్‌మెంట్ ఎప్పుడో నాకు చెప్పాలి. అప్పటిదాకా మిమ్మల్ని నా కార్‌లోనే తీసుకొస్తాను.