మెమరీ డబ్బా

బోధన్,
24 ఏప్రిల్ 2025

సాయిరాం అన్నకు,

రజిని వందనాలు. ముప్కాల్‌లో వదిన, పిల్లలు క్షేమమని తలుస్తాను. మేము దేవుని దయవల్ల తింటూ తిరుగుతూ ఉన్నాం, అవ్వ సంగతి ఒక్కటి తప్ప. ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తావు. అలగడంలో నీ తర్వాతే ఎవరైనా. అందుకే మీ ఊరికి వస్తున్న మా చర్చి మోజెస్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

నలభై ఏళ్ళ కింద నువ్వూ నీ దోస్తు మా కిరణన్నా సామాను తెప్పించి చేసిన కంప్యూటర్ గుర్తుందా? టీవీకి తగిలించేవారు. అన్న రాసిన ప్రోగ్రాం నడిపిస్తే రోజూ సాయంత్రం తెర మీద ఇంగ్లీషు అక్షరాలతో 'అవ్వా, తిన్నవా' అని వచ్చేది. నేను చదివి చెబితే, కొడుకే అడిగినట్టు అవ్వ మురిసిపోయేది. వెనుక సాకెట్‌లో మెమరీ డబ్బా లేకపోతే ఆ ప్రోగ్రాం పట్టదనీ, కరెంటు పోతే అంతా మరిచిపోతుందనీ, మళ్ళీ క్యాసెట్ నుంచి ఎక్కించాలనీ నువ్వే చెప్పావు. అన్న కామెర్లతో పోయాక ఆ డబ్బా కనబడలేదు. నువ్వే తీసుకుపోయావని అవ్వ అన్నది. నువ్వు మా గడప తొక్కడం మానేశావు.

మొన్న ఈస్టర్ తెల్లవారుజామున అన్న సమాధి మీద కొవ్వొత్తులు పెట్టి వచ్చాక, ఆ మిషన్ ఒకసారి చూడాలని అవ్వ పట్టుబట్టింది. పాత టీవీకి తగిలించాను. వెనుక సాకెట్ ఖాళీ. క్యాసెట్ మీద ఎప్పుడో పెళ్ళి పాటలు ఎక్కించుకున్నాం. అయినా తెర మీద 'అవ్వా, తిన్నవా' అని వచ్చింది. నేను వెనుక సాకెట్ మళ్ళీ తడిమి చూశాను, ఖాళీయే. అవ్వ మాత్రం ఆ పూట కడుపునిండా తిన్నది.

నిన్నటి నుంచి మాట మారింది. 'అవ్వా, వస్తున్నవా' అని అడుగుతున్నది. అవ్వకు ఇంగ్లీషు రాదు కనుక 'తిన్నవా' అనే చదివి చెబుతున్నాను. ఆపుదామంటే, నా కొడుకు నోరు మూస్తవా అని ఏడుస్తున్నది. సాయిరాం తీస్కపోయిన డబ్బా తెచ్చి పెడితే వాడు సక్కగ మాట్లాడుతడని ఆమె నమ్మకం. నాకు భయంగా ఉందన్నా. అవ్వను కూడా పోగొట్టుకోలేను. డబ్బా తీసుకుని వెంటనే రా.

నీ చెల్లెలు,
రజిని

తా.క. నువ్వు వస్తే అవసరపడతాయని అన్న పనిముట్ల రేకు పెట్టె దించాను. అడుగున నల్ల గుడ్డ చుట్టిన మూట ఉంది. డబ్బా దొరికిందని సంబరంగా విప్పాను. లోపల చిన్న కొత్త నిబంధన, మొదటి పేజీలో అన్న పేరు. డబ్బాకూ దానికీ అన్న ఒకే గుడ్డ చింపి చుట్టుకునేవాడు. రెండూ అరచేతిలో పట్టేవే. శవపేటిక మూసే ముందు, దేవుని వాక్యం తోడుంటుందని అవ్వ ఒక మూటను అన్న చేతుల్లో పెట్టింది. గుడ్డ విప్పి ఎవరూ చూడలేదు.

నువ్వు ఏమీ తేవద్దు, ఊరికే రా. ఆ డబ్బా అన్న చేతుల్లోనే ఉంది.