నల్లోడి పాదాలు

డాక్టరు గారికి నమస్కారం.

ఈ కరోనా రోజుల్లో మీరు మనుషుల్ని ఆసుపత్రి గేటు దాటనివ్వడం లేదు కనుక ఈ ఉత్తరం మా కుక్క నల్లోడి మెడపట్టీకి కట్టి పంపుతున్నాను. గేటు దగ్గర వాణ్ణి మీవాళ్ల చేతికిచ్చే మా ఆయన "వీధిలో ఏదో తినేసుంటాడండీ" అంటారు. నమ్మకండి. ఆయనకేమీ తెలియదు.

వీడికి ఈ మాయదారి జబ్బు ఎక్కడ అంటుకుంటుందోనని, షికారు నుంచి వచ్చినప్పుడల్లా నేల తుడిచే మందుతో, చుక్క నీళ్లయినా కలపకుండా, పాదాలు తుడిచాను. కుక్క పాదాలు నాకుతుందన్న ఇంగితం లేకపోయింది. నిన్నటి నుంచి ఒకటే చొంగ, వాంతులు.

సీసా మీది కాగితం చించి దీంతోపాటే కట్టాను, చూడండి. నన్నెంత తిట్టినా పడతాను, వాణ్ణి మాత్రం బతికించండి.

ఇందాక ఆ కాగితం చించుదామని సీసా తీస్తే, లేవలేక పడి ఉన్నవాడు, పాదం తుడవమని ముందుకాలు చాపాడండీ.