రెండో సీసా రక్తం

డాక్టరు గారికి నమస్కారాలు.

మా అమ్మాయి లావుకూ, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడానికీ కారణం వెతకాలని నిన్న మా ఇద్దరి రక్తమూ తీసుకున్నారు. తెల్లకణాల్లో జన్యువుల పనితీరు చూస్తామన్నారు. నర్సు మమ్మల్ని మార్చి మార్చి చూసి, "ఒక్క పోలికా రాలేదేంటమ్మా?" అంది. "పోలిక రాకపోతేనేం, అమ్మ వంట ఒంటబట్టిందిగా" అని అమ్మాయి నవ్వింది. ఆ నర్సు ఊరికే అందో, ఏదైనా తెలిసి అందో నాకు తేలలేదు.

ఈ పరీక్షలో ఇంకేం బయటపడతాయో నేను సంతకం చేసిన కాగితంలో లేదు. అమ్మాయి నేను కన్న బిడ్డ కాదు. పదకొండు రోజుల పసికందుగా నా ఒడికి చేరింది. ఆ సంగతి తనకు తెలియదు.

దయచేసి నా సీసా పారబోయండి. తనది ఉంచి వైద్యం చేయండి. దేవుణ్ణి నమ్ముకున్నదాన్ని, తను అడిగితే అబద్ధం చెప్పలేను. అడిగే అవసరం రానివ్వకండి.

ఇట్లు,
ఆ అమ్మాయి అమ్మ