జత చీటీలు

అక్కా,

కోపం తెచ్చుకోకుండా చెప్పు. క్లాసులో ఆడించాలని నేను మీ ఇంట్లో కూర్చుని కత్తిరించిన చీటీలు నీ కూతురు ముందే చూసిందా? సగం మందికి ప్రశ్నలు, సగం మందికి జవాబులు. ఎవరి జత వాళ్లు వెతుక్కోవాలి. గంట పట్టే ఆట నాలుగు నిమిషాల్లో ముగించేశారు! నిప్పు లేనిదే పొగ రాదు. నీ కూతురైతే ఏమీ ఎరగనట్టు అందరికన్నా ఆఖర్న జత వెతుక్కుంది. "ఎందుకీ నటన? జవాబులు నువ్వే చెప్పావు కదూ?" అని అందరి ముందూ నిలదీశాను. "లేదు పిన్నీ" అంది. బళ్లో నన్నెప్పుడూ టీచర్ అనే పిలిచే పిల్ల.

ఉత్తరం మడిచేముందు చీటీలు మళ్లీ చూశాను. ఒక్కో కాగితం మీద ప్రశ్నా జవాబూ రాసి, మధ్యకు వంకరటింకరగా కత్తిరించింది నేనే. అంచులు కలిస్తే చాలు, చదవక్కర్లేదు.

అది నటించలేదక్కా. క్లాసు మొత్తంలో ప్రశ్న చదివింది అదొక్కతే.

నీ చెల్లి