రొట్టెకు బిళ్ల గుచ్చిన మాస్టారి విన్నపం

సెఫ్రూ, మొరాకో,
మే 6.

ప్రాంతీయ విద్యాధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా పాఠశాల బాల ఆవిష్కర్తల, పారిశ్రామికుల క్లబ్బులోని పన్నెండుమంది విద్యార్థుల పదకొండు రోజుల గైర్హాజరును మన్నించి వచ్చే నెల పరీక్షకు కూర్చోనిచ్చుట గురించి; 'రొట్టె బిళ్ల'కు ఇచ్చిన బహుమతిని వెనక్కి తీసుకొనుట గురించి; ఈ అర్జీదారుని ఏదో ఒకటి చేయుట గురించి.

సూచిక: "సమ్మె మొదలు పెట్టిన విద్యార్థి పేరు మూడు రోజుల్లో తెలుపవలెను, లేనిచో పన్నెండుగురికీ పరీక్ష లేదు" అను తమ తాఖీదు.

పాతబస్తీ మాధ్యమిక పాఠశాలలో ఇరవై ఆరేళ్లుగా ఫిజిక్స్ చెప్పుచున్న బుష్తా లమ్రానీ అను నేను సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా:

1. గత అక్టోబరులో నన్ను మూడు రోజుల శిక్షణకు రబాత్ పంపించినారు. హోటల్లో బస, రెండు పూటలా మాంసం. అక్కడ బోధించినది ఒకటే: "మీ వీధిలో ఒక సమస్యను పట్టుకోండి, పిల్లల చేత పరిష్కారం తయారు చేయించండి, దాన్ని అమ్మించండి." నేను తిరిగి వచ్చి వీధంతా గాలించితిని. ఉన్న సమస్యలు, అనగా అరిగిపోయిన మెట్లు, పని దొరకని కుర్రాళ్లు, అట్టముక్కలకూ బ్యాటరీలకూ లొంగునవి కావు. లొంగే సమస్య కోసం వెదుకుచుండగా వీధి చివరి రొట్టెల బట్టీ నా కంట పడినది. దాని ఖర్మ.

2. మా వీధిలో అరవై ఇళ్లవారు ఇంట్లో పిండి పిసికి, రొట్టెలు చేసి, చెక్కపలక మీద పేర్చి, గుడ్డ కప్పి బట్టీకి పంపుతారు. బట్టీ యజమాని అల్లాల్ గారు కాల్చి ఇస్తారు. మా ఇంటి నుంచి ఆరు వెళ్తే ఐదే తిరిగి వస్తాయి. నలభై ఏళ్లుగా దీన్ని ఎవరూ సమస్య అనుకోలేదు కనుక, నా కంటే ముందు ఎవరికీ బుర్ర లేదని తేల్చుకొంటిని. సార్డీన్ చేపల డబ్బాల రేకు కత్తిరించి, ఇంటి నంబర్లు చెక్కి, ప్రతి పచ్చిరొట్టెకూ ఒక బిళ్ల గుచ్చుట పిల్లలకు నేర్పితిని. 

అల్లాల్ గారు మొదటి రోజే అడ్డు చెప్పారు.

"రొట్టెకి నంబరెందుకు ఉస్తాద్? ఒకావిడ మూడు వేళ్లు నొక్కుద్ది, ఒకావిడ ఫోర్కుతో పొడుస్తది, మీ ఇంటావిడ తాళంచెవి గుర్తు వేస్తది. మా మనవళ్ల మొహాలన్నా మర్చిపోతానేమో గానీ, ఈ మొహాలు మర్చిపోను."

"మరి మా ఆరో రొట్టె ఏమవుతున్నట్టు, అల్లాల్ గారూ?"

ఆయన నవ్వి, పొడుగు పార అందుకొని బట్టీ వైపు తిరిగారు. జవాబు లేక నవ్వినారని క్లబ్బు పుస్తకంలో రాసుకొంటిని. మా పిల్లల్లో ఒకరు, "ఇది వద్దు ఉస్తాద్, ఇంకేదన్నా చేద్దాం" అన్నారు. ఆ పేరు ఎదుట "పారిశ్రామిక దృష్టి లేదు" అని కూడా రాసుకొంటిని.

3. సదరు బిళ్ల ఒకటి చూసుకోక కొరికినందున మా వీధి పెద్దాయన హాజీ మాతీ గారి పై పన్ను ఊడినది. ఆయన ఫిర్యాదు తమకు విడిగా అందియుండును. అందులోని తిట్లన్నీ సవ్యమైనవే.

4. ఏప్రిల్ నెలలో పాఠశాల క్లబ్బుల పోటీ న్యాయనిర్ణేతలు ముగ్గురు మా ఆవిష్కరణను చూచుటకు బట్టీ వద్దకే విచ్చేసినారు. మిట్టమధ్యాహ్నం, రొట్టెలు దించే వేళ. ఆడవాళ్లందరూ పలకల కోసం నిలబడి ఉన్నారు. నా చేతికి మైకు ఇచ్చినవారు ఎవరో గానీ దేవుడికి సమాధానం చెప్పుకోవాలి. "ఏడో నంబరు ఇంటి రొట్టె, పంతొమ్మిదో నంబరు ఇంటి రొట్టె, మా ఇంటి రొట్టె, తప్పిపోయినవన్నీ వారం రోజులుగా ఒకే ఇంటి పలక మీదికి చేరుతున్నాయి. దొంగ దొరికాడు!" అని ప్రకటించి, ఆ ఇంటి నంబరు కూడా చదివాను. రెండుసార్లు చదివాను, వెనకున్న వారికి వినపడదేమోనని.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మా పన్నెండుమందిలో ఒకరు ముందుకు వచ్చి, తమ ఇంటి పలకను చూసి, దాన్ని బట్టీ గట్టు మీదే వదిలి వట్టి చేతులతో వెళ్లిపోయారు. ఆడపిల్లో మగపిల్లాడో కూడా ఇక్కడ రాయను.

అల్లాల్ గారు నన్ను పక్కకు లాగారు.

"ఆ ఇంటాయన రాళ్ల గనిలో నడుం విరిగి మంచాన పడ్డాడు. పిండి చాలని రోజు పలక మీద మూడే వస్తాయి. మిగతాది వీధి పెడతది. మా నాయన బట్టీలో కూచున్న రోజుల్నుంచీ ఇంతే. పెట్టేవాళ్లకి తెలుసు, తినేవాళ్లకి తెలుసు, ఎవరూ నోరెత్తరు. నువ్వు మైకులో ఎత్తావు."

న్యాయనిర్ణేతలు "నష్ట నివారణ" విభాగంలో రెండో బహుమతి ఇచ్చి వెళ్లినారు.

ఇంటికి వచ్చి మా ఆవిడ మీలూదాను అడిగాను, నాకెందుకు చెప్పలేదని.

"మనం ఐదుగురమే కదా, ఆరో రొట్టె ఎవరికనుకున్నావ్? నీకు చెప్తే దానికో యంత్రం కనిపెడతావని చెప్పలేదు" అంది.

5. ఆ మర్నాడు ఒకరు బడికి రాలేదు. ఆ పైరోజు నుంచి పన్నెండుమందీ రాలేదు. హెడ్మాస్టరు గారు సమ్మె అన్నారు. నేను అది నా మీద సమ్మె అనుకొని, ఇన్నేళ్లకు నన్ను ఎవరో పట్టించుకున్నారని లోలోపల కొంత పొంగిపోయాను కూడా. నాలుగో రోజున క్లబ్బులోని ఒక పిల్ల ఇంటికి వెళ్లి, "నా మీద కోపమైతే నన్ను తిట్టండి, బడి మానడమెందుకు?" అని బతిమాలాను.

"మీ మీద కాదులెండి ఉస్తాద్," అంది. "ఒక్కరే రాకపోతే ఆ ఇల్లెవరిదో క్లాసులో అందరికీ తెలిసిపోద్ది. అందరం రాకపోతే తెలీదు. వీధిలో ఎలాగూ మీరు చెప్పేశారు. బళ్లో కూడా చెప్పాలా?"

అయ్యా, శిక్షణలో మాకు చెప్పిన లక్షణాలన్నీ దీనికి ఉన్నాయి. సమస్య నిజమైనది. జట్టుగా చేశారు. ఖర్చు లేదు. రేకు ముక్క కూడా వాడలేదు. నేను ఆ గుమ్మంలో నిలబడి ఏడ్చాను. ఆ పిల్ల నాకు పుదీనా టీ ఇచ్చింది.

6. ప్రస్తుతం మా వీధిలో ఎవరూ రొట్టెల మీద గుర్తు వేయుట లేదు. వేళ్లూ లేవు, ఫోర్కూ లేదు, తాళంచెవీ లేదు. ఆడవాళ్లు ఎప్పుడు కూడబలుక్కున్నారో నాకు తెలియదు, నాకు ఎవరూ చెప్పరు. ఎవరికి ఏది వస్తే అది తింటున్నారు. నిన్న మాకు ఎవరిదో సోంపు వేసిన రొట్టె వచ్చింది, మా రొట్టె కంటే బాగుంది, ఈ మాట మీలూదాకు తెలియనివ్వకండి. గత శుక్రవారం ఆ ఇంటి పలక మళ్లీ బట్టీకి వచ్చింది. సోమవారం పన్నెండుమందీ కలిసి బడికి వచ్చారు.

కావున, ప్రార్థన:

పన్నెండుమందికీ పదకొండు రోజుల హాజరు ఒకే తీరున వేయించి, పరీక్షకు అనుమతించవలెను. ఎవరు ముందు, ఎవరు తరువాత అని విడదీయవద్దు. విడదీస్తే తమ తాఖీదు కూడా రేకు బిళ్లే అవుతుంది. బహుమతి కప్పు ఈ అర్జీతో వాపసు చేస్తున్నాను. క్లబ్బును మాత్రం మూయవద్దు, అధిపతిని మార్చండి చాలు. ఇక తమరు కోరిన పేరు: బుష్తా లమ్రానీ, వయసు యాభై ఒకటి. ఇదంతా మొదలుపెట్టింది ఇతడే, సాక్షులు అరవై ఇళ్లవారు.

పై సంగతులు తమరు దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బుష్తా లమ్రానీ
(పారిశ్రామిక దృష్టి లేదు)

తా.క.: తాఖీదు తెచ్చిన మీ బంట్రోతు చేతికి గుడ్డలో చుట్టి ఒక రొట్టె ఇచ్చి పంపుతున్నాను. లంచం కాదు. వేడి ఆరకముందే తినమని మీలూదా చెప్పమంది. ఎవరింటిదో నాకు తెలియదు. దయచేసి దాని మీద విచారణ వేయకండి.