ఎముకలో నాటే పన్ను

మద్రాసు, 12-2-88

చెల్లెమ్మా మాణిక్యం,

నేను క్షేమం. ఊడిపోయిన నీ ముందుపళ్ళు రెండింటికీ దారి దొరికింది! ఇక్కడొక డాక్టరు దవడ ఎముకలో టైటానియం అనే లోహపు మరమేకు బిగిస్తాడు. కొన్ని నెలల్లో ఎముక దాన్ని గట్టిగా పట్టేసుకుంటుంది. అప్పుడు దాని మీద పన్ను అమరుస్తాడు. కట్టుడు పళ్ళలా రాత్రికి తీసి గ్లాసులో వేసే పని లేదు. పెట్టించుకున్నావిడ నా ఎదుటే జామకాయ కొరికింది!

"మొగుడు పోయినదానికి పళ్ళేందయ్యా, ఎవురికి చూపిద్దామని?" అన్నారు మొన్న మీ అత్తగారు. అన్నం నమలడానికి అత్తయ్యగారూ! నోటికి కొంగు అడ్డం లేకుండా మాట్లాడటానికి! మామయ్యగారు పోయాక మీరు కళ్ళజోడు తీసేశారా?

ఎముక బాగుంటేనే కుదురుతుందట, ముందు ఎక్స్‌రే తీయాలి. మాణిక్యం, చిగుళ్ళకు రుద్దే ఆ నశ్యం ఇవాళే మానెయ్. మిరపతోటకు కాలవ నీళ్ళు అందుతున్నాయా? పాపకు దగ్గు తగ్గిందా?

కవరు దొరక్క ఈ కార్డు రాశాననుకోకు, కావాలనే రాశాను. మన దుర్గిలో కార్డు మీ ఇంటికి చేరేలోగా పోస్టుమాన్ శివయ్య బాబాయి ప్రతి అరుగు మీదా చదివి వినిపిస్తాడు. బాబాయ్, ఈ ముక్క కాస్త గట్టిగా చదువు: ఇరవై ఒకటో తేదీ ఆదివారం వచ్చి మా చెల్లెల్ని మద్రాసు తీసుకెళుతున్నాను. అడ్డం చెప్పేవాళ్ళు ఊరందరి ముందు చెప్పాలి.

అత్తయ్యగారికి నమస్కారాలు, పాపకు ముద్దులు.

నీ అన్న,
వెంకట్రామయ్య