రేణుకను పైకి పంపిన్రన్న మాట

పెద్దక్కకు దండాలు. అమీర్‌పేట నుంచి తమ్ముడు మల్లేశం సంబురంగ రాసుకునేది. నీ మోకాళ్ల నొప్పి తక్కువైందా? బావ మంచిగున్నడా? ఫోన్ల నీకు వినవడదాయె, అందుకే రాస్తున్న. మనుమరాలితోని చదివించుకో, మధ్యల ఆపద్దను. ముందుగాల ఒక్క మాట: మన రేణుక బతికింది అక్కా! మంచిగున్నది. ఇగ ఫికర్ లేకుండ విను.

నేను ఆడపిల్లల హాస్టల్ కాడ వాచ్‌మన్ పనిల కుదిరిన సంగతి నీకెర్కనే. గేటు పక్కనే మా రూము. వానలు తెరిపియ్యలే, దోమలు మస్తు. బిడ్డకు జరమొచ్చింది. డెంగీ అన్నరు. రక్తంల కణాలు పడిపోయినయని పంజగుట్టల ఒక దవాఖానల, ఐసీయూల పెట్టిన్రు. మమ్ముల లోపటికి రానియ్యలే. నీ మరదలు బయట కుర్చీల కూసుండి కండ్లు ఒత్తుకునుడే. నేనేమో "రేణుక ఎల్లమ్మ పేరే పెట్టుకున్నం, అమ్మనే సూసుకుంటది. ఎల్లమ్మ చిత్తం" అనుకుంట తిరిగిన.

రక్తం ఇచ్చేటోళ్లను తెమ్మన్నరు. ఈ పట్నంల మనకెవరున్నరక్కా? మైత్రీవనంల కోచింగ్‌కు పొయ్యే హాస్టల్ పిల్లలు, ఆలస్యమైతే నేను కసురుకునేటోళ్లే, క్లాసు ఇడిసిపెట్టి వచ్చిన్రు. "తాతా, గేటు కాడ మమ్ముల ఆపుతవు గదా! ఇప్పుడు సూడు, నీ బిడ్డను మేం ఆపుతం" అన్నదొక పిల్ల. వాళ్లను పంపింది అమ్మనే.

మొన్న నీ మరదలితోని చాయ్ తాగిపిచ్చి తోలుకొచ్చిన. అద్దంలకెళ్లి సూస్తే బిడ్డ మంచం ఖాలీ. దుప్పటి సుత మార్చిన్రు. నర్సమ్మను అడిగిన. ఆమెది ఆంధ్ర దిక్కు మాట.

"రేణుక గారా? ఇందాకే పైకి పంపించేశామండీ" అన్నది, నవ్వుకుంట!

పైకి! అక్కా! గోడ పట్టుకోని కూలవడ్డ. అన్ని దినాలు ఎల్లమ్మ చిత్తం అన్న నోరు అప్పుడు పెగల్లే. నీ మరదలే నా రెక్క పట్టింది. "ఇచ్చింది అమ్మనే. తీస్కపోతే అడగనీకె మనమెవరం? లే, బిడ్డ మొకం సూద్దాం" అన్నది.

నర్సమ్మ లబలబ మొత్తుకున్నది. "అయ్యో, అదేంటి తాతగారూ! పైకంటే పై అంతస్తండీ, మామూలు వార్డుకి! తగ్గింది కదా!"

లిఫ్టు కోసం ఆగలే అక్కా. మెట్లు ఎట్ల ఎక్కిన్నో నాకే ఎర్కలే. బిడ్డ దిండుకు ఆనుకోని ఇడ్లీ తింటున్నది! సంగతి చెప్తే పడి పడి నవ్వింది. "పైన గూడ ఇడ్లీలే నాయినా. ఉప్పు లేదు, కారం లేదు. అత్తమ్మను చింతకాయ తొక్కు పంపమను" అన్నది. ఎవరన్న వచ్చేటోళ్లుంటే జర పంపు.

నీకు చెవులు వినవడవని నవ్వేటోన్ని. నా చెవులు మంచిగుండి ఏం విన్నయో సూడు.

ఒళ్లు కుదురుకున్నంక బల్కంపేట ఎల్లమ్మకు బోనం ఎత్తుతం. నువ్వూ బావా రావాలె. ఆ దినం నోరు పెగల్లేదు గదా, అమ్మ ముందల నిలవడి గట్టిగ చెప్త: నీ చిత్తం తల్లీ, అని. బావకు దండాలు, పిల్లలకు ముద్దులు. నీ దీవెన బిడ్డ మీద ఉండనీ.

ఊర్లె ఎవరన్న అడిగితే చెప్పు: మా రేణుక పైకి పోయింది, మెట్లు దిగి ఇంటికొస్తున్నది.

నీ తమ్ముడు,
మల్లేశం